పగటి బడికి తోడా, బదులా?

బడి గంట కొట్టేశాక, లేదా సెలవు రోజున, పేటవాళ్లో ఊరివాళ్లో తమ పిల్లల కోసం తామే నడుపుకునే బడులు చాలా దేశాల్లో ఉన్నాయి. బ్రిటన్‌లో వీటిని సప్లిమెంటరీ స్కూళ్లంటారు. తెలుగునాట రాత్రి బడి, ఆదివారం బడి, సాయంకాలం క్లాసులు అని తలా ఒక పేరుతో పిలుస్తారు. ట్యూషన్‌కూ వీటికీ పోలిక తక్కువ. ట్యూషన్‌లో ఫీజు తీసుకుని పగటి బడి పాఠాన్నే మళ్లీ చెబుతారు. ఈ బడుల్లో పగటి బడి వదిలేసిన పాఠం చెబుతారు, లేదంటే పగటి బడి మొహం చూడని పిల్లలకు చెబుతారు. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది పగటి బడికి తోడు, రెండోది బదులు. రెంటినీ ఒకే గాటన కట్టినప్పుడల్లా నష్టపోయింది పేద పిల్లలే.

బదులు బడుల్లో పేరుపడ్డది ఇంగ్లండు సండే స్కూలు. 1780లో గ్లాస్టర్ పట్నంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి దాన్ని మొదలుపెట్టాడంటారు. అంతకు పదకొండేళ్ల ముందే హై వికమ్‌లో హన్నా బాల్ అనే మెథడిస్టు మహిళ ఇలాంటి బడే పెట్టింది. కానీ పత్రిక ఉన్నది రైక్స్ చేతిలో కాబట్టి పేరూ ఆయనకే దక్కింది. గ్లాస్టర్‌లో ఆ రోజుల్లో గుండుసూదుల తయారీ పెద్ద పరిశ్రమ. పిల్లలు వారంలో ఆరు రోజులు అందులో పనిచేసి, ఆదివారం వీధుల మీద పడేవాళ్లు. మొదటి బడిని సూటీ అలీ అనే సందులో ఒకావిడ ఇంట్లో పెట్టారు. పాఠం చెప్పే ఆడవాళ్లకు రోజుకొక షిల్లింగు ఇచ్చేవారు. ముఖమూ చేతులూ కడుక్కుని, తల దువ్వుకుని రావాలన్నది పిల్లలకు పెట్టిన షరతు. బట్టలు ఎలా ఉన్నా సరే. 1831 నాటికి బ్రిటన్‌లో ఇలాంటి బడులకు వెళ్లే పిల్లలు సుమారు 12.5 లక్షల మంది.

ఈ బడుల్లో చదవడం నేర్పడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. బైబిలు చదవాలి కదా. పేచీ అంతా రాత దగ్గరే వచ్చింది. రాయడమంటే పని చెయ్యడమేననీ, విశ్రాంతి దినాన పని కూడదనీ మెథడిస్టు పెద్దలు కొందరు పట్టుబట్టారు. వాళ్లలో జేబెజ్ బంటింగ్ మరీ గట్టివాడు. మెండిప్ కొండ ప్రాంతంలో బడులు నడిపిన రచయిత్రి హన్నా మోర్ అయితే పేదలకు రాత అక్కర్లేదనే తేల్చేసింది. ఆరు రోజులు సూదులకు మొన తీర్చిన చెయ్యి ఏడో రోజు పలక మీద అక్షరం దిద్దితే పాపమైంది! కొన్ని ఊళ్లలో దీనికి విరుగుడుగా వారం మధ్యలో సాయంత్రాలు రాత క్లాసులు పెట్టారు. ఈ బడులు శ్రామికుల పిల్లల్ని లొంగదీసే సాధనాలని చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ తీర్పు చెప్పాడు. వాటిలో పాఠాలు చెప్పినవాళ్లు కూడా చాలామంది శ్రామికుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లేనని చూపించి, టామస్ లాకర్ 1976లో ఆ తీర్పును కాదన్నాడు. ఎవరి వాదం ఎలా ఉన్నా ఒక సంగతి మిగులుతుంది. సండే స్కూలు పిల్లల్ని ఫ్యాక్టరీ నుంచి బయటికి తేలేదు. ఫ్యాక్టరీ చట్టాలూ, ప్రభుత్వ బడులు తెచ్చిన 1870 చట్టమూ, హాజరును తప్పనిసరి చేసిన 1880 చట్టమూ ఆ పని చేశాయి.

ఇదే కథ వందేళ్ల తర్వాత తెలుగు పల్లెల్లో మళ్లీ నడిచింది. పగలు పనికి పోయే పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 1979-80లో నాన్ ఫార్మల్ విద్యా పథకం మొదలుపెట్టింది. 1986 జాతీయ విద్యా విధానం దాన్ని ఇంకా పెంచింది. సాయంత్రమో రాత్రో ఓ రెండు గంటల చదువు. రోజంతా గేదెల వెంట తిరిగిన పిల్లవాడూ, పత్తి విత్తనాల చేలో పొద్దస్తమానం వంగి క్రాసింగ్ పని చేసిన పిల్లా ఆ రెండు గంటలూ కునికిపాట్లు పడుతూ కూర్చోవాలి. వీళ్లకు పగలు బడికి వెళ్లే హక్కు లేదా అని ఆ పథకం అడగలేదు. పిల్లల పని వేళల్ని ఖాయం చేసి, వాటి చుట్టూ చదువును సర్దింది.

ఈ పద్ధతిని తిరగదోడినది రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఈ సంస్థ, 1991 నుంచి బాలకార్మికుల మీద దృష్టి పెట్టింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించిన శాంతా సిన్హా దానికి ముందు నిలిచారు. బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాలకార్మికుడే, ప్రతి బిడ్డా పగటిపూట పూర్తి వేళల మామూలు బడిలోనే ఉండాలి అన్నవి ఆ సంస్థ బేరానికి లొంగని సూత్రాలు. రాత్రి బడి ఉన్నంతకాలం యజమానికి సాకు దొరుకుతూనే ఉంటుందని వాళ్ల వాదం. పని మాన్పించిన పిల్లల్ని బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో ఉంచి, వయసుకు తగిన తరగతికి తయారుచేసి, ప్రభుత్వ బడిలో చేర్పించారు. పేదరికం వల్లే తల్లిదండ్రులు బడికి పంపరన్న మాట పూర్తి నిజం కాదనీ, దారి చూపిస్తే పంపుతారనీ పల్లెల్లోనే రుజువైంది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె పురస్కారం వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వమంది కానీ రాత్రి బడికి పంపమనలేదు. బదులు బడి కథ అక్కడితో ముగియాలి.

తోడు బడి కథ వేరు. దానికి మంచి ఉదాహరణ వేల్స్‌లో దొరుకుతుంది. పిల్లలతో పాటు ముసలివాళ్లు కూడా ఒకే గదిలో కూర్చుని చదువుకున్న సండే స్కూళ్లు అక్కడివి. బాలా పట్నానికి చెందిన టామస్ చార్లెస్ వాటిని 1780ల నుంచి విస్తరింపజేశాడు. అంతకు ముందు 1730ల్లో గ్రిఫిత్ జోన్స్ ఊరూరా కొన్ని నెలల చొప్పున నడిపిన సంచార బడులు వాటికి పునాది. రెంటిలోనూ చదువు వెల్ష్ భాషలోనే. పగటి బడులు మాత్రం ఇంగ్లిషు వెంట పడ్డాయి. వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్క ముక్క వేలాడదీసేవారు. అది ఒకరి మెడ నుంచి మరొకరి మెడకు మారుతూ, సాయంత్రానికి ఎవరి దగ్గర ఉంటే వాళ్లకు దెబ్బలు పడేవి. తెలుగు పాఠకులకు ఇది వింత కాదు. తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలక తగిలించిన ఉదంతం 2009లో కడప జిల్లా మైదుకూరులోనే బయటపడింది. 1847లో వేల్స్ చదువుల మీద విచారణ జరిపిన ముగ్గురు కమిషనర్లకూ వెల్ష్ రాదు. ఆ భాషనూ ఆ జనాన్నీ తూలనాడిన వాళ్ల నివేదికను వెల్ష్ ప్రజలు ద్రోహమన్నారు. ఆ నివేదిక కూడా సండే స్కూళ్ల సేవను కాదనలేకపోయింది. పగటి బడి వెలివేసిన భాషను వారానికి ఒక్క పూట బడి చదవను వచ్చిన భాషగా నిలబెట్టింది.

రెండో ఉదాహరణ లండన్‌లోని కరీబియన్ కుటుంబాలది. వీళ్లు వచ్చింది ఇంగ్లిషు మాట్లాడే దీవుల నుంచే. అయినా పిల్లల యాసనూ కొత్త ఊరి బెరుకునూ తెలివితక్కువతనంగా లెక్కగట్టి, ఐక్యూ పరీక్షలు పెట్టి, ఈఎస్ఎన్ అనే మందబుద్ధుల బడులకు పంపేవారు. 1960ల చివర లండన్ విద్యాశాఖ లెక్కల్లోనే, మామూలు బడుల్లో కన్నా ఆ బడుల్లో వలస పిల్లల శాతం దాదాపు రెట్టింపు ఉంది. అలాంటి బడుల్లో పనిచేసిన గ్రెనడా దేశస్థుడు బెర్నార్డ్ కోర్డ్ 1971లో ఈ సంగతిని చిన్న పుస్తకంగా రాశాడు. పుస్తకాన్ని వేసింది న్యూ బీకన్ బుక్స్. దాని స్థాపకుల్లో ఒకరు ట్రినిడాడ్ కవి జాన్ లా రోజ్. ఆయన 1969లోనే తన ఇంట్లో కొద్దిమంది పిల్లలతో ఆఫ్రికా ఐక్యతావాది జార్జ్ పాడ్‌మోర్ పేరిట బడి తెరిచాడు. శనివారాల్లో లెక్కలు, ఇంగ్లిషు, వాటితో పాటు పగటి బడి పుస్తకాల్లో కనబడని ఆఫ్రికా, కరీబియన్ చరిత్ర. గదులు ఇళ్లవీ చర్చిలవీ. జీతాల్లేవు. అలాంటి బడులు మరికొన్ని నగరాల్లోనూ వెలిశాయి.

ఈ కాలాన్నే దర్శకుడు స్టీవ్ మెక్వీన్ 2020లో బీబీసీ కోసం తీసిన ‘స్మాల్ యాక్స్’ వరుసలోని చివరి చిత్రం ‘ఎడ్యుకేషన్’లో చూపాడు. గ్రహాలూ నక్షత్రాలంటే ఇష్టపడే కింగ్స్లీ అనే పన్నెండేళ్ల కుర్రాడికి చదవడం సరిగా రాదు. ప్రత్యేక బడికి తోలేస్తారు. అక్కడ టీచరు గిటారు పట్టుకుని, శ్రుతి తప్పిన గొంతుతో పాట మొత్తం పాడుతూ కూర్చుంటాడు. పాట తెగదు, పిల్లలు ఏం చెయ్యాలో తెలియక చూస్తుంటారు. తర్వాత శనివారం బడిలో అదే కుర్రాడిని ఒక పెద్దావిడ పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తుంది. పాఠం చెప్పకపోవడమంటే ఏమిటో గిటారు సన్నివేశం చూపినంతగా విద్యా నివేదికలు చూపలేవు. ఇలాంటి శనివారం బడుల నుంచి తల్లిదండ్రులు కోరుకున్నదేమిటని 1981లో మోరీన్ స్టోన్ పరిశీలించింది. వాళ్లకు కావలసింది పిల్లల్ని బుజ్జగించే బహుళ సంస్కృతుల పండుగలు కాదు, గట్టి చదువు. ఆ మాట ఇప్పటికీ వినవలసిందే.

ఆసియా, యూరప్ దేశాల నుంచి వచ్చిన కుటుంబాలు మాతృభాష కోసం పెట్టుకున్న బడులు బ్రిటన్‌లో ఇంకా ఎక్కువ. మాతృభాషను నిలుపుకోవడం ఆయా సమాజాల పనే తప్ప ప్రభుత్వ బడుల పని కాదని మైనారిటీ పిల్లల చదువు మీద ప్రభుత్వం వేసిన స్వాన్ కమిటీ 1985లో చెప్పింది. కావాలంటే గదులు వాడుకోనివ్వవచ్చంది. బాధ్యత దులుపుకోవడానికి ఇంతకన్నా మర్యాదైన మాట ఉండదు. గుజరాతీ, బెంగాలీ, పంజాబీ వంటి భాషల ఏ లెవెల్ పరీక్షల్ని ఆపేస్తామని పరీక్షా సంస్థలు 2015లో ప్రకటించాయి. గోల లేచాకే ప్రభుత్వం కల్పించుకుని వాటిని నిలిపింది. పరీక్షల జాబితాలో తెలుగు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇందుకు ఎదురు ఉదాహరణ మారిషస్. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల కూలికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి, రామభజనలతో పాటు సాయంకాలపు బడుల్లో తెలుగును నిలుపుకుంది. మారిషస్ ఆంధ్ర మహాసభ దానికి అండగా నిలిచింది. తర్వాత తెలుగు ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పాఠ్యాంశమైంది. సాయంకాలపు బడులకు ప్రభుత్వం ఆర్థిక సాయమూ ఇస్తోంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. సాయంత్రం బడి పాఠం పగటి బడిలోకి నడిచి వెళ్లడమే తోడు బడికి దక్కగల పెద్ద గెలుపు.

అమెరికాలో తెలుగువాళ్ల పిల్లల కోసం సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలైంది. ప్రవేశం, ప్రసూనం, ప్రకాశం, ప్రమోదం, ప్రభాసం అంటూ తరగతులు పెట్టి, పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయంతో పరీక్షలు జరిపించింది. పాఠాలు చెప్పేది ఎక్కువగా తల్లిదండ్రులే. దాని బలమూ బలహీనతా అక్కడే ఉన్నాయి. శనివారం ‘ఖ’కూ ‘ఘ’కూ తేడా నేర్చుకున్న పిల్ల, ఇంట్లో వారం పొడుగునా ఇంగ్లిషే వింటే మరుసటి వారానికి ఆ ఒత్తులు మర్చిపోతుంది. వారాంతపు బడి రాత నేర్పగలదు. మాట్లాడించవలసింది ఇల్లు.

ఇప్పుడు ఈ బడి అవసరం సొంత గడ్డ మీదికీ వచ్చింది. తెలుగును బడుల్లో తప్పనిసరి చెయ్యడానికి తెలంగాణ 2018లో చట్టం తేవలసి వచ్చింది. ఇంగ్లిషు మీడియంలో చదివే లక్షల పిల్లలకు తెలుగు కథ చదవడం కష్టంగా ఉంది. ఊళ్లలో శాఖా గ్రంథాలయాలున్నాయి, బల్లలున్నాయి, రిటైరైన టీచర్లున్నారు. పగలు బడికి వెళ్లే పిల్లలకు వారంలో రెండు సాయంత్రాలు అక్కడ తెలుగు చదివించే ఏర్పాటు జిల్లా గ్రంథాలయ సంస్థలు చెయ్యాలి. డబ్బు లేదన్న జవాబు చెల్లదు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను 1960 నాటి చట్టం ప్రకారం ప్రజలు కడుతూనే ఉన్నారు.