పాత వెల్డింగు యంత్రము – ఎవరి బాధ్యత?

సూరత్ జిల్లా కిమ్‌లో ఇంటివద్దనే వెల్డింగు పని చేయదలచి పాత యంత్రము కొనబోవు కార్మిక సోదరులకు మా మనవి. రాగిచుట్టల ట్రాన్స్‌ఫార్మరు యంత్రము గట్టిదే, మరమ్మతు సులభమే. కాని చౌకధర ఒక్కటే చూడరాదు. పాతవాటిలో అనేకము 415 వోల్టుల రెండు ఫేజులపై నడచును. ఇంటి సరఫరా 230 వోల్టులే. చుట్టల ఇన్సులేషనును మెగ్గరుతో పరీక్షింపజేయవలెను. పెట్టెకు ఎర్తు తప్పనిసరి. ఆర్కు వెలుగకముందు హోల్డరు వద్ద 80 వోల్టుల వరకు ఉండవచ్చును. చెమట పట్టిన చేతికి అది ప్రాణాంతకము కాగలదు. వెల్డింగు పొగ క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో నిర్ధారించినది.

కర్మాగారములో ఎర్తు, ముసుగు, గాలి యజమాని బాధ్యత. అదే పని ఇంటికి చేరగానే ఆ ఖర్చంతయు కార్మికుని నెత్తిన పడుచున్నది. పనిముట్టు ఇల్లు మారినంత మాత్రమున బాధ్యత మారదు. పని ఇచ్చువాడు కూలి రేటులోనే ఈ రక్షణల ఖర్చును చేర్చవలెనని మేము కోరుచున్నాము.