విశాఖలో ఒక రోజు: చూచినది, చూడనిది

సెలవు దినమున కుటుంబ సమేతంగా విశాఖపట్టణం వెళ్ళి, సముద్రతీరమున నాలుగు గంటలు గడిపి, రాత్రి రైలుకు తిరిగి రావడం విజయనగరం వైపువారికి పరిపాటియే. మేమును అట్లే వెళ్ళాము. పులిహోర పొట్లాలు, మంచినీళ్ళ సీసాలు, నలుగురు పిల్లలు, మోకాళ్ళనొప్పులతో ఇద్దరు పెద్దలు – ఇదీ మా పటాలం. ఆ దినమున ఒక బాలుడు వేసిన ప్రశ్నకు మేము జవాబు చెప్పలేకపోయాము. ఈ వ్యాసమునకు అదియే కారణం.

రామకృష్ణా బీచిలో ఇసుకపై నిలిపిన కుర్సురా జలాంతర్గామిని మన విద్యార్థులలో చాలామంది చూచియే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమణ పొంది, 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్నది. పొడవు 91 మీటర్లు. పేరుకు అంత పొడవేగాని, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అంటుకొని నిలువవలసినదే. గుండ్రని ద్వారముల గుండా వంగి వంగి దాటునప్పుడు పెద్దలు ఉస్సురన్నారు. పిల్లలు కేరింతలు కొట్టారు. పడకలు ఒకదానిపై ఒకటి. మాలో ఎనిమిదేళ్ళవాడు ఆ పడకలు లెక్కపెడుతూ నడిచాడు.

అక్కడినుండి 1996లో నెలకొల్పిన విజయ స్మారకం వద్దకు వచ్చాము. ఘాజీ కథ చెప్పడం మా వంతు అయినది. 1971 డిసెంబరు 3–4 తేదీల నడిమి రాత్రి, మన విక్రాంత్ నౌకను వెదకుచు వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముంగిటనే మునిగినది. విక్రాంత్ అప్పటికే అండమాన్ జలాలలో ఉన్నది. అది విశాఖలోనే ఉన్నట్లు మనవారు శత్రువును భ్రమింపజేశారు. ఎంత రక్తి కట్టే కథ! మేము చేతులు త్రిప్పుచు చెప్పుచుండగా ఆ పడకలు లెక్కపెట్టినవాడు, "లోపల ఎంతమంది ఉన్నారు?" అన్నాడు.

మాకు తెలియదు. ఎన్నోమార్లు చెప్పిన కథ, ఒక్కమారైనా ఆ మాట తోచలేదు.

ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగవేశాము. తొంభైమందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బ్రతకలేదు. మన రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ చార్జీల వల్ల మునిగినదని మనవారు, లోపలి ప్రేలుడు వల్లనో తన మందుపాతర వల్లనో మునిగినదని వారు చెప్పుదురు; వివాదం నేటికీ తీరలేదు. అదే యుద్ధంలో డిసెంబరు 9న డయ్యూ సమీపాన మన ఖుక్రీ మునిగి 18మంది అధికారులు, 176మంది నావికులు మరణించారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోనే మునిగిపోయారు. ఈ లెక్కయు మాకు తెలియదు. పరులవారి మృతుల సంఖ్య ఎరుగకపోవుట ఒక ఎత్తు. మనవారిదియు ఎరుగకపోవుట ఏమనవలె?

విహారమునకు వెళ్ళిన చోట పిల్లలకు చావు లెక్కలెందుకని మా పెద్దలే మందలించారు. వారి మాటలో కొంత న్యాయం లేకపోలేదు. కాని స్మారకం అనునది ఫోటో తీయించుకొనుటకు కట్టినది కాదు గదా.

రైలుకు ఇంకను రెండు గంటలుండుటచేత, అనుకోకుండా పాత పట్టణం వైపు వెళ్ళాము. విశాఖకు వచ్చినవారిలో పదింట ఒకరైనా అటు పోరని మా ఊహ. 1804లో ఆంగ్లేయుల సెంచూరియన్ నౌక ఫ్రెంచి నౌకలతో పోరాడినది ఈ తీరముననే. 1933లో రేవు తెరిచారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు కురిపించినది ఈ రేవు మీదనే. రేవు చెంత మూడు కొండలు: ఒకదానిపై ఇస్‌హాక్ మదీనా దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, మూడవదానిపై మేరీమాత చర్చి. కాలువకు ఆవల డాల్ఫిన్స్ నోస్. మోకాళ్ళనొప్పులు మరచి పెద్దలు మెట్లెక్కారు. పైనుండి ఒక ఓడ మెల్లగా లోనికి వచ్చుట చూచాము. టిక్కెట్టు లేదు, రద్దీ లేదు.

కళాశాల కమిటీవారికి మా మనవి ఇది. ఈమారు విద్యార్థుల విహారయాత్ర విశాఖకైనచో, పాత పట్టణమునకు రెండు గంటలు కేటాయించండి. కావలెనన్న కైలాసగిరిని తగ్గించండి, కొండ ఎక్కడికీ పోదు. బయలుదేరుటకు ముందు ఘాజీ, ఖుక్రీలను గూర్చి ఒక్క పుట, ఉర్దూలోను తెలుగులోను వ్రాయించి అందరికీ పంచండి. వ్రాసేపని చరిత్ర విద్యార్థులే చేయగలరు. ఖర్చు కాగితం ఖరీదే.

మా ఎనిమిదేళ్ళవానికి ఇప్పుడు రెండు సంఖ్యలూ కంఠస్థం. ఖుక్రీ కెప్టెను ఓడ ఎందుకు దిగలేదని నాలుగు రోజులుగా అడుగుచున్నాడు.