బాలింత విస్తరిపై పెత్తనమేల?

మన సంఘ కుటుంబములతో ఒక కఠినమైన మాట చెప్పవలసియున్నది. గర్భిణి యనగానే ఇంటిల్లిపాదియు ఆమె కంచమును చూతురు. బాలింత యనగానే ఆమె నడుమును చూతురు. "ఇద్దరి తిండి తినవలెనమ్మా" అని నెలల తరబడి బలవంతపెట్టిన నోరే, పురుడు వెళ్లిన నాటికి "ఇంకను పొట్ట తగ్గలేదే" అనుచున్నది. తక్కిన స్త్రీలకు ఇది విసుగు పుట్టించు మాట. ఆహారరుగ్మత నుండి కోలుకొనిన స్త్రీకి మానిన పుండును రేపు మాట. ప్రేమ పేరిట ఈ పని చేయు అధికారము మన కెవ్వరిచ్చిరి?

బరువు పెరుగునను భయముచే తిండి మానుట, అదుపు తప్పి తిని పిదప బలవంతముగా కక్కుకొనుట మొదలగు మనోవ్యాధులకు ఆహారరుగ్మత లని పేరు. మొదటిదానికి 1873లో ఇంగ్లండు వైద్యుడు విలియం గల్ అనొరెక్సియా నెర్వోసా అని పేరిడెను. రెండవదానిని 1979లో జెరాల్డ్ రస్సెల్ బులీమియా నెర్వోసా అని వర్ణించెను. ఇవి దొరల జబ్బులు, మనకు రావు అని తీసివేయువారు కలరు. బెంగుళూరులోను, చెన్నపట్నములోను, బరంపురములోను, షోలాపురములోను చదువుకొనుచున్న మన ఆడపిల్లలు లోకముతో పాటే అద్దము చూచుకొనుచున్నారు. వ్యాధికి కులగోత్రములు లేవు. మన ఇండ్లలో దీనికి పేరు లేనందున మొండితన మనియు, దిష్టి యనియు, అరుచి యనియు సరిపెట్టుకొనుచున్నాము.

కోలుకొనిన స్త్రీకి గర్భము ఒక పరీక్ష. దేహము మారును, వైద్యశాలకు పోయిన ప్రతిసారి తూకము వేయుదురు, వేవిళ్ల వాంతులు పాత అలవాటును జ్ఞప్తికి తెచ్చును. అయినను పలువురికి గర్భకాలమున రోగలక్షణములు తగ్గును, బిడ్డకొరకై తిందురు. ప్రసవము తరువాత నిద్రలేమి, అలసట, మారిన దేహము ఏకమైనప్పుడు వ్యాధి మరల తల యెత్తుట వైద్యు లెరిగినదే. గండము గడచినదని మనము ఊపిరి పీల్చుకొను దినముననే ఆమెకు గండము ఆరంభమగుచున్నది.

అట్టి సమయమున మనము చేయునదేమి? పథ్యము పెట్టుట! కొన్ని ఇండ్లలో తొలి దినములు లంఖణము. పిదప వెల్లుల్లి కారము, నెయ్యి, పొడి అన్నము. కూరలు వాతము, పండ్లు జలుబు, మంచినీళ్లకు సయితము కొలత. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క చూడుడు: గర్భిణికి దినమునకు 350 కెలోరీలు, పాలిచ్చు తల్లికి తొలి ఆరు నెలలు 600 కెలోరీలు అదనముగా కావలెను. ఈ లెక్క ఇంటివారి తెలివిడికి మాత్రమే. ఆమె విస్తరి ముందు వల్లించుటకు కాదు. ఇంత అడుగుచున్న దేహమునకు మనము నిషేధముల పట్టిక వడ్డించుచున్నాము. "ఇది తినరాదు, అది తినరాదు" అని తన మనస్సులో మ్రోగు గొంతుతో ఏండ్ల తరబడి పోరాడి గెలిచిన స్త్రీకి, ఆ గొంతునే అత్తగారి నోట వినిపించుచున్నాము. వ్యాధి చెప్పిన మాటనే ఆచారమును చెప్పినచో ఆమె ఎవరిని నమ్మవలెను?

తెలుగునేలకు దూరముగా తరతరములు వంటింటిలోనే మన తెలుగుదనమును కాపాడుకొంటిమి, పురిటింటి ఆచారమును విడిచినచో మిగులునదేమి అని పెద్దలందురు. గోంగూర నిలువనిండు, ఆవకాయ నిలువనిండు, బిడ్డకు నలుగును జోలపాటయు నిలువనిండు. బాలింతను ఒంటరిగా విడువరాదను నియమము మన ఆచారములలో కెల్ల గొప్పది. దానిని గట్టిగా పట్టుకొనుడు. వేళ తప్పక ఆమె సరసన కూర్చుండి, ఆమె తినునదే మీరును తినుడు. నిషేధములను మాత్రము విడువుడు. ఒక బాలింత ఆకలిపై ఆధారపడి బ్రతుకవలసినంత దుర్బలమైనది కాదు మన తెలుగుదనము.

దాపరికము మరియొక దోషము. పెండ్లినాడు దాచిన వ్యాధిని ప్రసూతి వైద్యురాలి యెదుట గూడ దాచుచున్నారు. వైద్యురాలు కన్నడమునో, తమిళమునో, ఒడియానో, మరాఠీనో అడుగుచుండ, తెలుగున కోడలి మాట విని బదులు చెప్పు చుట్టమే ఆమె నోటికి తాళమగుచున్నది. తొలి పరీక్షనాడే ఆమెను వైద్యురాలితో ఒంటరిగా మాటలాడనిండు. అంకె చూడకుండ త్రాసుపై వెనుకకు తిరిగి నిలుచుందునని ఆమె కోరినచో నవ్వకుడు. మునుపు చికిత్స చేసిన మానసిక వైద్యునికి ప్రసవమునకు ముందే కబురు చేయుడు. శ్రావణమాసపు నోములైనను సరే, ఆమెకు ఉపవాసము వలదు.

"నోరు విప్పితివా, పిచ్చిదానవని బిడ్డను లాగుకొందురు" అని భయపెట్టువారును కలరు. వారు చట్ట మెరుగరు. మానసిక వైద్యశాలలో చేరిన తల్లి నుండి మూడేండ్లలోపు బిడ్డను సామాన్యముగా వేరుచేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. తల్లిని బిడ్డతో కూడ చేర్చుకొను వార్డు బెంగుళూరు నిమ్హాన్సులో 2009 నుండి కలదు. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలిమానస్‌కు 14416 అను సంఖ్యపై ఫోను చేసి, తెలుగును కోరుకొని, ఖర్చు లేకుండ మాటలాడవచ్చును.

సీమంతమునకును, బారసాలకును పోవు సోదర సోదరీమణులారా! చీర పెట్టుడు, పండ్లు పెట్టుడు, బిడ్డను దీవించుడు. "చిక్కిపోతివి", "ఒళ్లు చేసితివి" అను రెండు మాటలను మాత్రము గడప వెలుపలనే విడిచి లోనికి పొండు.