సున్నపురాయియు, సిపాయి పేరును

మన కొల్లేటి సీమ బంకమట్టి నేల. ఇచ్చట రాయి దొరకదు. గుల్లలు కాల్చి సున్నము చేయుట మాత్రము మన పెద్దలెఱిగిన పని. ఇంగ్లాండు దేశపు పోర్టులాండు సున్నపురాతిలోను అట్టి గుల్లల జాడలే కానవచ్చును. 1917లో ఏర్పడిన యుద్ధసమాధుల సంఘమువారు ఆ రాతిని విరివిగా వాడి, సేనానికిని సిపాయికిని ఒకే కొలత ఫలకము నిలిపిరి. ఈ నియమము మాకు మిక్కిలి నచ్చినది. ఇక్ష్వాకుల కాలమున నాగార్జునకొండయందును పల్నాటి సున్నపురాతిపై రాజునకే గాక భటులకును ఛాయాస్తంభములు చెక్కిరి గదా!

అయితే నియమము వేఱు, నడత వేఱు. మొదటి మహాయుద్ధమున మడిసిన భారతీయులు, ఆఫ్రికావారు మొదలగువారిలో 45,000 మొదలు 54,000 మంది వఱకు ఇతరులతో సమానముగా స్మరింపబడలేదని ఆ సంఘమే 2021లో ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. కొందఱి పేర్లు రాతికెక్కనే లేదు. ఇది రాతి కొఱత కాదు. అట్టివారి పేర్లు అక్కఱలేదనుకొనిన అధికారుల తప్పని మా అభిప్రాయము.

కావున ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకల విద్యార్థులు తమ యిండ్లలోని వృద్ధులనడిగి, రెండు మహాయుద్ధములకు వెళ్లి తిరిగిరానివారి పేర్లు, ఊరు, తండ్రి పేరుతో గూడ వ్రాసి మాకు పంపవలెను. వచ్చు సంచికలో అచ్చొత్తింతుము.