ముందు ఆమె గడప తొక్కాల్సింది

మా సంఘంలో స్త్రీల సమాజానికి నేను సెక్రటరీని. పెద్ద పదవేం కాదు లెండి. శుక్రవారం మధ్యాహ్నం కూడికకు ఎవరెవరు వచ్చారో రాసుకోవడం, వచ్చే వారం వాక్యం ఎవరు చెప్పాలో అడిగి పెట్టుకోవడం, ఏడాదికోసారి పద్దులు చూడడం. అలా పద్దులు చూస్తుండగానే రెండేళ్ళ కిందట, డిసెంబరు మొదటి వారంలో, 13,500 రూపాయలు తేడా కనబడింది.

ఆ డబ్బు ఎలాంటిదో చెప్పాలి. మాలో చాలామందిమి పొద్దున అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. నెలాఖరుకు ఆ బియ్యమంతా గుడికి తెచ్చి వేలం పెడతాం. దానికి మా చందాలు కలుస్తాయి. క్రిస్మస్‌కు సంఘంలోని విధవరాళ్ళకు చీరలు పెట్టేది ఆ డబ్బుతోనే. ఇంట్లో అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా, మా చేతులతో మేం మిగిల్చిన డబ్బు. అందుకే అంత మండింది.

ట్రెజరర్‌గా ఉన్న అక్క నాకంటే పదేళ్ళు పెద్ద. నేను పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో గుడి గుమ్మం దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడితే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకుంది. నా రెండో కాన్పప్పుడు మా అమ్మ రాలేకపోతే పదకొండు రోజులు క్యారేజీ పంపింది. కూడికలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఆవిడ ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. నడిస్తే ఐదు నిమిషాలు.

ఆ ఐదు నిమిషాలు నేను నడవలేదు. ఫోన్ తీశాను. ఇంకొకావిడకు చేసి, "ఎవరితోనూ అనకు వదినా, కాస్త ప్రార్థన చెయ్యి" అని మొదలుపెట్టాను. ఆవిడ కూడా అదే మాట చెప్పి ఇంకొకరికి చేసి ఉంటుంది. ఆదివారానికి తెలియనివాళ్ళు లేరు. తర్వాతి శుక్రవారం కూడికలో ఒకావిడ లేచి, "మన మధ్య ఒక సహోదరి శోధనలో పడింది, పేరు చెప్పను, జ్ఞాపకం చేసుకుందాం" అంది. పేరు చెప్పే పనేముంది, అందరి తలలూ ఒక్కవైపే తిరిగాయి. అక్క అక్కడే ఉంది, ఒళ్ళో పాటల పుస్తకం పెట్టుకుని. ప్రార్థన అయ్యేదాకా కూర్చుని, పుస్తకం చాప మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత గుడికి రాలేదు.

మేం అబద్ధమేమీ చెప్పలేదు. ఆవిడ డబ్బు తీసుకున్న మాట నిజం. అడక్కుండా తీసుకుంటే దాన్ని దొంగతనమే అనాలి, అవసరం ఎంత పెద్దదైనా సరే. ఆ మాటను మెత్తబరచాలని నేను ఇది రాయడం లేదు. కానీ ఆవిడ చేసింది పాపం, మేం చేసింది ప్రార్థన అని ఎలా అనుకున్నామో, అదీ నన్ను ఇవాళ్టికీ తొలిచేది.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో 15 నుంచి 17 దాకా మూడు వచనాలున్నాయి. మనకు కంఠతా వచ్చు. తప్పు చేసినవాడి దగ్గరికి ముందు నువ్వొక్కడివే వెళ్ళి మాట్లాడమన్నాడు ప్రభువు. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళమన్నాడు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పమన్నాడు. సంఘం మాట కూడా వినకపోతేనే అన్యుడిలా, సుంకరిలా ఎంచుకోమన్నాడు. నాలుగు మెట్లు. మేం పై మెట్టు మీద నిలబడి మొదలుపెట్టాం. కింది మెట్టు మీద కాలు పెట్టాల్సింది నేను, లెక్క చూసింది నేనే కనుక.

ఆ మూడు వచనాలకు అటూ ఇటూ ఏముందో చూశారా? ముందేమో నూరు గొర్రెల్లో తప్పిపోయిన ఒక్కదాని కోసం కొండలు పట్టుకు తిరిగే కాపరి. వెనక పేతురు వచ్చి, ఏడుసార్లు క్షమిస్తే చాలా అని అడగడం, డెబ్బై ఏళ్ళ మారులని ప్రభువు లెక్క తేల్చేయడం. ఈ రెంటి మధ్య పెట్టిన మాటల్ని మనం విడిగా కోసి తెచ్చుకుని చేతికర్రలా పట్టుకుంటున్నాం. ఇంకో సంగతి. సుంకరిలా ఎంచుకోమన్న ఆ మాటను రాసిపెట్టిన మత్తయి ఎవరు? ఆయనే ఒక సుంకరి. ప్రభువు సుంకరులను ఎలా ఎంచుకున్నాడో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? వాళ్ళింట భోజనానికి కూర్చున్నాడు. జక్కయ్య సంగతే చూడండి. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని జక్కయ్య అన్నది ప్రభువు ఇంటికి వస్తానన్నాక. ముందు డబ్బు కట్టు, తర్వాత నీ గడప తొక్కుతానని ఆయన అనలేదు.

నేను బి.ఏ.లో తెలుగు చదివాను. దానివల్ల ఒరిగిందేమిటని మా ఆయన వేళాకోళం చేస్తుంటారు గానీ, మాటలు పట్టుకుని ఆలోచించే జబ్బు మాత్రం అంటుకుంది. మన 'పాపం' అనే మాట చూడండి. చెడ్డపని చేస్తే పాపం అంటాం. ఎవరైనా కింద పడితే అదే మాటను కాస్త దీర్ఘం తీసి "పాపం" అంటాం. వాక్యం చెప్పేటప్పుడు మొదటి అర్థమే మన నోట్లో ఉంటుంది. వీధిలో చిన్నపిల్లవాడు పడితే రెండోది తనంతట తనే వచ్చేస్తుంది. గుడిలో మనిషి పడ్డప్పుడు ఆ రెండోది ఎక్కడికి పోతుంది?

గలతీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు, తప్పులో చిక్కుకున్నవాణ్ణి సాత్వికంతో మళ్ళీ దారికి తేవాలని, ఆ పని చేసేవాడు తానూ శోధనలో పడకుండా చూసుకోవాలని రాశాడు. అక్కడ దారికి తేవడానికి వాడిన గ్రీకు క్రియాపదమే, యాకోబు యోహానులు పడవలో వలలు బాగుచేసుకుంటున్నారని చెప్పే చోట కూడా ఉందని మా అయ్యగారు ఒకసారి చెప్పారు. అది విన్నప్పటి నుంచి నాకు మా పుట్టింటి ఊరే కళ్ళముందు. సముద్రం ఒడ్డు ఊరు మాది. వల చిరిగితే ఎవరూ పారేయరు. చెట్టు కింద కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చిరిగిన చోట ఒక్కో కన్నూ అల్లుకుంటూ పోతారు. పూటలు పూటలు పడుతుంది. ఒంగి చూడాలి, చేత్తో పట్టుకోవాలి. దూరం నుంచి వల చిరిగిందని కేకలేస్తే అది అతుక్కోదు.

పౌలు కఠినంగా రాయలేదా అని అడగొచ్చు. రాశాడు. కొరింథీయులకు మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో, తండ్రి భార్యతో ఉంటున్నవాణ్ణి సంఘంలోంచి తీసేయమన్నాడు. మన ఉజ్జీవ కూడికల్లో ఆ అధ్యాయం తరచూ వినబడుతుంది. రెండో పత్రిక రెండో అధ్యాయం అంతగా వినబడదు. సంఘం శిక్షించిన ఒక మనిషి గురించి అక్కడ రాస్తూ, ఆ శిక్ష చాలు, ఇక క్షమించి ఓదార్చండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడన్నాడు. ఆ మనిషీ ఈ మనిషీ ఒకడేనని చాలామంది నమ్మకం. ఒకడైనా కాకపోయినా, శిక్షకు 'ఇక చాలు' అనే రోజొకటి ఉండాలన్నది అక్కడ స్పష్టంగానే ఉంది. మేం ఆవిడకు ఆ రోజు ఎప్పుడని చెప్పలేదు. అసలు శిక్ష వేశామని కూడా చెప్పలేదు. ఎదురుపడితే చూపు తిప్పుకున్నామంతే.

ఇది మన వీధిలో పుట్టిన గొడవ కాదు. 250లో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞ ఇస్తే, విశ్వాసుల్లో ఎందరో భయపడి అర్పించారు. కొందరు అర్పించకుండానే అర్పించినట్టు లంచమిచ్చి కాగితం రాయించుకున్నారు. ఆపద తగ్గాక గుడి వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. రోమాలో నొవాషియన్ అనే పెద్ద, వీళ్ళకు తలుపు తియ్యకూడదన్నాడు. ఆయన వెంట వెళ్ళినవాళ్ళు తమను తాము శుద్ధులమని చెప్పుకున్నారు. కార్తేజి బిషప్పు సిప్రియన్ మాత్రం, పశ్చాత్తాపం నిజమో కాదో చూడాలి, అందుకు కొంత కాలం పట్టనివ్వాలి, తలుపు మాత్రం మూయకూడదన్నాడు. సంఘం ఆయన దారినే నడిచింది. 325లో నికయలో కూడిన సభ, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళు ప్రభువు బల్ల అడిగితే కాదనకూడదని కట్టడ చేసింది. ప్రాణభయంతో విశ్వాసాన్నే కాదన్నవాళ్ళకు దొరికిన చోటు, కొడుకు ఫీజు కట్టిన తల్లికి మా గుడిలో దొరకలేదు.

అవును, కొడుకు ఫీజే. తర్వాత తెలిసింది.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. పడ్డవాళ్ళను లేవనెత్తాలి అనగానే దాన్ని అడ్డం పెట్టుకునేవాళ్ళు తయారవుతారు. భర్త తాగొచ్చి కొడితే, "క్షమించమ్మా, ప్రార్థన చెయ్యి, సర్దుకో" అని భార్యను మళ్ళీ ఆ ఇంటికే పంపిన పెద్దలను చూశాను. అది కృప కాదు. ముందు దెబ్బలు తినేదాన్ని కాపాడాలి, కొట్టినవాడి మారుమనస్సు సంగతి తర్వాత. పసిపిల్లల మీద చెయ్యి వేసినవాడి విషయమైతే అయ్యగారి గదిలో తేల్చేది కానే కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. సంఘ పరువు అంటూ నోరు మూయించేవాళ్ళ మాట వినకండి. పెద్దరికంలో ఉన్నవాళ్ళకైతే పౌలు ఇంకా గట్టిగా రాశాడు. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద ఫిర్యాదు తీసుకోవద్దన్నాడు, నిజంగా పాపంలో ఉంటే మాత్రం అందరి ఎదుటా గద్దించమన్నాడు. మన దగ్గర ఇది తలకిందులు. పెద్దలవి గుట్టుగా, ఆడవాళ్ళవి, లేనివాళ్ళవి బట్టబయలుగా.

మా సంఘ పెద్దల్లో ఒకాయన ఐదు రూపాయల వడ్డీకి డబ్బు తిప్పుతాడు. వడ్డీ కట్టలేనివాళ్ళ పుస్తెలతాళ్ళు ఆయన బీరువాలో ఉంటాయని ఊరంతా ఎరుగుదురు. ప్రతి ఆదివారం కానుక పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య తిరిగేది ఆయనే. ఆయన కోసం ఎవరూ ప్రార్థన అంశం చెప్పగా నేను వినలేదు.

తర్వాతి ఏడాది డిసెంబరులో మళ్ళీ పద్దులు ముందేసుకున్నాను. జనవరి నుంచి ప్రతి నెలా 'ఇతర జమ' అని 1,000 రూపాయలు ఉన్నాయి. అదేమిటని కొత్త ట్రెజరర్‌ను అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. అక్క నెలనెలా తెచ్చి అయ్యగారి భార్య చేతిలో పెడుతోందట. డిసెంబరుతో కలిపి 12,000 అయింది. డబ్బు పోయిన సంగతి కూడికలో చెప్పినవాళ్ళు, తిరిగి వస్తున్న సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం వెళ్ళాను. ఏడాది ఆలస్యంగా నడిచాను ఆ ఐదు నిమిషాలు. అక్క చింతపండు గింజ తీస్తోంది. రా, కూర్చో అంది, అంతే. నేనూ ఒక పీట లాక్కుని గింజ తీయడం మొదలుపెట్టాను. చాలాసేపటికి నేనే అన్నాను, "ముందు ఫోన్ చేసింది నేనే అక్కా" అని.

"తెలుసు" అంది.

తర్వాత చెప్పింది. కొడుకు స్కాలర్‌షిప్ పడలేదు, బాకీ తీరిస్తే గానీ హాల్ టికెట్ ఇవ్వమన్నారు. ఐదు రూపాయల వడ్డీకి తేవాలంటే కాళ్ళు రాలేదు. క్రిస్మస్ లోపల చీటీ పాడి పెట్టేద్దామనుకుంది, చీటీ చేతికి రాలేదు. "నీతో చెబుదామని రెండుసార్లు మీ గేటు దాకా వచ్చాను. లోపల ఎవరో ఉన్నారని వెనక్కెళ్ళిపోయాను" అంది. క్షమించమని అడిగాను. క్షమించానని అనలేదు. లోపలికి వెళ్ళి టీ తెచ్చింది.

ఆవిడ మళ్ళీ ట్రెజరర్ కావాలని నేను అడగను. ఆవిడా అడగలేదు, ఇస్తే తీసుకోదు కూడా. తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండడమే ఆవిడకూ మంచిది, మాకూ మంచిది. అయితే పెట్టె తాళం వేరు, బల్ల దగ్గర చోటు వేరు. బల్లకు వచ్చే ముందు ఎవరిని వాళ్ళు పరీక్షించుకోవాలని పౌలు రాశాడు. పక్కవాళ్ళను పరీక్షించే పని మనకు అప్పగించలేదు.

కూడికలో లేచి చెప్పాను, ముందు నేను చేసింది, తర్వాత ఆవిడ కట్టింది. ఇద్దరు నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. అక్క వెంటనే రాలేదు. మధ్యలో ఈస్టరు వెళ్ళింది, కోత పండుగ వెళ్ళింది. వారానికోసారి నేను వెళ్ళి వస్తూనే ఉన్నాను, రమ్మని మాత్రం ఒత్తిడి చేయలేదు.

పోయిన నెల కూడిక మా ఇంట్లో జరిగింది. అందరూ చాపల మీద సర్దుకుంటుండగా వంటింటి గుమ్మంలోంచి వచ్చింది, చేతిలో పాలప్యాకెట్లు. వచ్చిన పనిమనిషిలా గ్లాసులు కడగబోతే చేతిలోంచి లాక్కున్నాను. ముందు గదిలో గుసగుసలు వినబడుతూనే ఉన్నాయి. కొంగుతో చేతులు తుడుచుకుని, "పాట నేనెత్తుకోనా?" అని మెల్లగా అడిగింది.

పద అక్కా అన్నాను.