గోడమీది సర్టిఫికెట్టు – బల్లదగ్గరి మనిషి

"కోర్సు పాసయినవాడికి మళ్ళీ పరీక్ష ఏమిటి?" – ఇంటర్మీడియెట్‌లో నాతోపాటు బై.పి.సి. చదివి, డి.ఫార్మసీలో చేరిన మిత్రులు తరచు అనే మాట ఇది. వాళ్ళ బాధ అర్థం చేసుకోదగ్గదే. ఇదివరకు రెండేళ్ళ కోర్సు, ఆపైన 500 గంటల శిక్షణ పూర్తిచేస్తే ఫార్మసిస్టుగా పేరు నమోదయ్యేది. 2022లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఎగ్జిట్ పరీక్ష నియమావళి తెచ్చింది. దాని ప్రకారం కోర్సు పాసయితే చాలదు. మూడు పేపర్లు రాయాలి. ఒక్కొక్కదానిలో నూటికి యాభై రావాలి. మూడూ ఒకే దఫాలో గట్టెక్కాలి. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే, ఇచ్చిన జవాబుల్లో సరైనది గుర్తుపెట్టడమే.

నేను ఫార్మసీ విద్యార్థిని కాను. అయినా ఈ విషయం మాట్లాడే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. ఎందుకంటే నేను రైతుబిడ్డని. మా ఇళ్ళల్లో 'మందు' అనే మాటకు రెండర్థాలున్నాయి: పైరుకు కొట్టేది ఒకటి, మనిషి మింగేది ఒకటి. (మూడో అర్థం సంగతి ఈ సంచికలో వద్దు!) ఈ రెండు మందులనూ మేము కొనేది ఒకే పద్ధతిలో – బల్ల అవతల నిలబడ్డవాడి మాట నమ్మి. డబ్బా మీద ఇంగ్లీషులో ఏముందో మా నాయనకు తెలియదు. "ఇది వాడు, తగ్గుద్ది" అంటే వాడతాడు.

పురుగుమందులమ్మేవాళ్ళకు చదువు కావాలన్న సంగతి ఎప్పుడో గుర్తించారు. హైదరాబాదులోని 'మేనేజ్' సంస్థ 2003లో వ్యవసాయ ఇన్‌పుట్ డీలర్లకోసం ఒక డిప్లొమా ప్రారంభించింది. వారానికి ఒకరోజు చొప్పున 48 వారాల చదువు. తరగతి గదిలో పాఠాలతో సరిపెట్టక పొలాలకు కూడా తీసుకువెళ్ళి చూపిస్తారు. పైరు మందు అమ్మేవాడికే ఇంత చదువు అవసరమైతే, మనిషి మందు ఇచ్చేవాడికి ఒక పరీక్ష ఎక్కువెలా అవుతుంది? కనుక పరీక్ష ఉండాలన్నదే నా అభిప్రాయం. అయితే ఆ పరీక్షకు మనం తయారవుతున్న తీరు మాత్రం సరిగా లేదు.

సెలవులకు ఇంటికొచ్చిన మిత్రుల సంచుల్లో చూడండి. పాఠ్యపుస్తకం అడుగున ఉంటుంది, బిట్ల గైడు పైన ఉంటుంది! ప్రశ్న చూడగానే జవాబు నోటికొస్తుంది. కానీ మందులషాపుకు వచ్చే ముసలమ్మ నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనదు గదా! "అన్నం తినకముందా, తిన్నాకా? ఎన్నాళ్ళెయ్యాలి నాయనా?" అని తెలుగులో అడుగుతుంది. దానికి తెలుగులో, ఆమెకు తెలిసేలా సమాధానం చెప్పాలి.

అది చిన్న విషయం కాదు. కీళ్ళవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మిగతా మాత్రల్లాగే ఇదీ రోజూ అనుకుని వేసుకుంటే ఎముకల్లో మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. ఇన్సులిన్ సంగతి చూడండి. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండేవీ, 100 యూనిట్లు ఉండేవీ రెండు రకాల సీసాలున్నాయి. సిరంజీలూ రెండు రకాలే – 40కి ఎర్రమూత, 100కి నారింజరంగు మూత. 100 యూనిట్ల సీసాలోని మందును ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 20 యూనిట్లు కాదు, 50! చక్కెర ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. ఈ లెక్క పరీక్షలో తప్పితే పోయేది ఒక మార్కు. బల్లదగ్గర తప్పితే పోయేది ఒక మనిషి.

అందుకే నా మిత్రులకు ఒక సలహా చెబుతున్నాను. చదివిన ప్రతి మందుకూ మూడు తెలుగు వాక్యాలు రాసుకోండి – ఎప్పుడు వేసుకోవాలి, ఎన్నాళ్ళు వేసుకోవాలి, ఏమైతే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. రాసినవి ఇంట్లో చదువురాని పెద్దవాళ్ళకు వినిపించండి. వాళ్ళు తిరిగి చెప్పగలిగితే ఆ పాఠం మీకు వచ్చినట్టు. మరొక మాట. శిక్షణలోని 500 గంటల్లో కనీసం 250 గంటలు మందుచీటీ చూసి మందులివ్వడంలోనే గడపాలని నిబంధన. సంతకం పెట్టించుకుని ఇంటికి రావడం శిక్షణ కాదు. ఆ 250 గంటలు నిజంగా నిలబడినవాడికి గైడు అవసరం సగం తగ్గుతుంది.

ఇక ప్రభుత్వాన్ని అడగవలసిందొకటుంది. డాక్టరు చదువుకు ప్రవేశపరీక్ష అయిన నీట్‌ను తెలుగులో రాయనిస్తున్నారు గదా, ఫార్మసిస్టు పరీక్షను ఎందుకు రాయనివ్వకూడదు? మందుల పేర్లు ఇంగ్లీషులోనే ఉండనివ్వండి. ప్రశ్న అర్థం కాక పల్లెటూరి పిల్లవాడు తప్పిపోకుండా చూస్తే చాలు. దానితోపాటు, రోగికి తెలుగులో వివరించి చెప్పే నోటి పరీక్ష ఒకటి పెడితే ఇంకా మంచిది. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నియమాలు మందు వాడే విధానం రోగికి వివరించడం ఫార్మసిస్టు బాధ్యత అని చెబుతూనే ఉన్నాయి. బాధ్యత అయినదాన్ని పరీక్షించవద్దా?

ఇంతా చేసి, అసలు రోగం వేరే ఉంది. మా ప్రాంతంలో ఒక మందులషాపు ఉంది. గోడమీద అద్దాల ఫ్రేములో సర్టిఫికెట్టు ఉంటుంది. అందులో పేరున్న మనిషిని ఊళ్ళో ఎవరూ చూడలేదు! మందులిచ్చేది పదో తరగతి చదివిన కుర్రాడు. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులను రిజిస్టర్డ్ ఫార్మసిస్టు స్వయంగా గాని, తన కళ్ళెదుట గాని ఇప్పించాలని 1945 నాటి డ్రగ్స్ రూల్స్ చెబుతున్నాయి. ఎవరు విన్నారు? పరీక్షను ఎంత కఠినం చేసినా, పాసయినవాడు ఒక ఊళ్ళో, వాడి కాగితం ఇంకో ఊళ్ళో ఉంటే ముసలమ్మకు ఒరిగేదేమిటి?

"షాపులో ఇచ్చే జీతం ఎవరికి చాలుతుంది? సర్టిఫికెట్టు అద్దెకిచ్చి వేరే పని చూసుకుంటే తప్పేంటి?" అంటారు కొందరు. ఫీజుకోసం అప్పుచేసిన తండ్రి కొడుకు ఆ మాట అంటే కొట్టిపారేయలేను. కానీ ఒక్క లెక్క వెయ్యండి. ఒక సర్టిఫికెట్టు అద్దెకు పోయిన ప్రతిచోటా ఒక ఉద్యోగం పోయినట్టే. కాగితం చౌకగా దొరుకుతుంటే మనిషికి జీతమిచ్చి ఎవరు పెట్టుకుంటారు? పొలం కౌలుకిస్తే కనీసం ఎవరో ఒకరు దున్నుతారు. సర్టిఫికెట్టు కౌలుకిస్తే దున్నేవాడెవడూ ఉండడు. జీతం తక్కువని ఏడ్చేదీ మనమే, దాన్ని తగ్గిస్తున్నదీ మనమే!

మిత్రులారా! విద్యార్థి సంఘాలు ఫీజులకోసం, హాస్టళ్ళకోసం, స్కాలర్‌షిప్పులకోసం పోరాడుతున్నాయి. ఈ రెండు కోర్కెలు కూడా జాబితాలో చేర్చాలని నా మనవి: పరీక్ష తెలుగులోనూ ఉండాలి, పరీక్ష పాసయినవాడు షాపులోనే ఉండాలి. మొదటిది ప్రభుత్వం చెయ్యాలి. రెండోదానికి తనిఖీ చేసే అధికారులు కావాలి, దానికంటె ముందు "నా కాగితం అద్దెకివ్వను" అనే కుర్రవాళ్ళు కావాలి. అధికారులు ఎప్పుడు కదులుతారో మన చేతిలో లేదు. ఆ ఒక్క మాట అనడం మాత్రం, ఈ ఏడాది పరీక్షకు చదువుతున్న ప్రతి మిత్రుడి చేతిలోనూ ఉంది.

– బి.యస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థి