షెడ్యూలు ముందు చదవండి

హైదరాబాదుకో చెన్నైకో పనికెళ్లి, కూడబెట్టిన డబ్బుతో మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కాస్త జాగా కొనుక్కోవాలని చూస్తున్న పిల్లలకు,

దస్తావేజులో 'నిధి నిక్షేప జల తరు పాషాణ' అంటూ అష్టభోగాలు, 'పుత్ర పౌత్ర పారంపర్యంగా' అన్న మాటలు కనిపిస్తాయి. రాగిశాసనాల నాటి నుంచి వస్తున్న వరస అది. నేనూ వందల కాగితాల్లో రాశాను. వాటికి బెదరకండి, వాటిని నమ్ముకుని నిశ్చింతగానూ ఉండకండి. అమ్మేవాడికి లేని హక్కు ఆ మాటలతో మీకు రాదు.

అసలు సంగతి చివరి షెడ్యూల్లో ఉంటుంది. ముందు ఆ భూమి ఏ రకమో చూడండి. మన వైపు చాలా ఊళ్లు విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల కిందివి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే వాటికి రైత్వారీ పట్టాలొచ్చాయి. జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి, అయితే సరే. డి-పట్టా అయితే ఆగండి. ప్రభుత్వం పేదలకిచ్చిన ఆ భూముల అమ్మకాలను 1977 చట్టం నిషేధించింది. తర్వాతి సడలింపులు మీరు కొనే భూమికి వర్తిస్తాయో లేదో తహసీల్దారు నుంచి రాతమూలకంగా తెలుసుకోండి. సీతంపేట, కురుపాం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొంటే 1/70 భూబదలాయింపు నిబంధన కింద చెల్లదు, ఎన్ని భోగాలు రాసినా సరే.

తర్వాత హద్దులు. 'తూర్పు: జీడితోట, దక్షిణం: గెడ్డ, పడమర: బళ్లబాట' అని పాత కాగితంలో ఉంటుంది. గెడ్డ వరదకి పక్కకి జరుగుతుంది, తోట చేతులు మారుతుంది. విస్తీర్ణానికీ హద్దులకీ పొంతన కుదరకపోతే కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. అందుకే కాగితం పట్టుకుని గట్టు మీద నాలుగు వైపులా నడవండి. పక్క రైతునూ పిలవండి. ఈ పని ఫోన్లో అవదు.

అమ్మకం దస్తావేజుకు బదులు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇస్తాం, ధర తగ్గిస్తాం అంటే ఒప్పుకోకండి. దానితో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. నూరు రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజే ఉండాలని 1882 ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది.

అది పిత్రార్జితమైతే ఆ ఇంటి ఆడపిల్లలను మరచిపోకండి. మన రాష్ట్రం 1986లోనే, కేంద్రం 2005లో వాళ్లకు సమాన వాటా ఇచ్చాయి. అన్నదమ్ములు మాత్రమే సంతకం పెట్టిన భూమి కొంటే, రేపు కోర్టు మెట్లెక్కేది మీరూ ఆ ఆడపడుచులూ.

రిజిస్ట్రేషన్ నాటి ఉదయం కాదు, వారం ముందే చిత్తుప్రతి అడగండి. అర్థం కాని చోట గీత గీసి, రాసినవారినే చెప్పమనండి. చెప్పడం వాళ్ల బాధ్యత.

మీ మేలు కోరే,
ఒక పాత దస్తావేజు లేఖరి